1099 ఐఆర్‌ఎస్‌కి పంపితే సరిపోదు: స్టేట్ ఫైలింగ్, విత్‌హోల్డింగ్ మొదటి నుంచి చివరి దాకా

జనవరి వస్తే చాలు, అమెరికాలో చిన్న కంపెనీలు, రెస్టారెంట్లు, కన్సల్టెన్సీలు నడుపుతున్న మనవాళ్ళ నుంచి ఒకటే ప్రశ్న: "ఐఆర్‌ఎస్‌కి 1099లు పంపేశాం, స్టేట్‌కి మళ్ళీ విడిగా పంపాలా?" 1099 అంటే ఏడాదిలో కాంట్రాక్టర్లకు, ఇతరులకు ఎంత ఇచ్చారో ఫెడరల్ పన్ను శాఖ ఐఆర్‌ఎస్‌కి చెప్పే ఫారం. కొన్ని స్టేట్లకు దాన్ని మళ్ళీ పంపక్కర్లేదు. కొన్నిటికి విడిగా పంపాలి. ఇంకొన్ని స్టేట్లకు ఫారం పంపడం తర్వాత మాట, అసలు డబ్బు ఇచ్చేటప్పుడే ట్యాక్స్ కట్ చేసి ఆ స్టేట్‌కి కట్టాలి, దీన్నే విత్‌హోల్డింగ్ అంటారు.

ఇబ్బంది ఈ మూడో రకంతోనే. జనవరిలో ఆ సంగతి తెలిస్తే లాభం లేదు, డబ్బంతా అప్పటికే కాంట్రాక్టర్ అకౌంట్‌లో పడిపోయి ఉంటుంది, కట్ చేయాల్సిన పన్ను ఇక మీ జేబులోంచే పోతుంది. అందుకని ఇక్కడ మొదటి పేమెంట్‌కి ముందు నుంచి మొదలుపెడుతున్నాను, జనవరి పని చివర్లో వస్తుంది.

1. ఏ పేమెంట్లు లెక్కలోకి వస్తాయి

జీతం కాకుండా, వ్యాపారం కోసం ఇచ్చిన డబ్బు గురించే ఇదంతా. మీ ఇంటి గోడలకు రంగు వేసినతనికి ఇచ్చింది రాదు, మీ ఆఫీసు గోడలకు వేసినతనికి ఇచ్చింది వస్తుంది. లాభాపేక్ష లేని సంస్థలకు కూడా ఇది వర్తిస్తుంది, కాబట్టి తెలుగు సంఘాలు గాయకులకు, యాంకర్లకు, సౌండ్ వాళ్ళకు ఇచ్చే డబ్బూ లెక్కే.

- సేవలకు ఇచ్చింది: 1099-ఎన్‌ఈసీ, బాక్స్ 1
- ఆఫీసు లేదా షాపు అద్దె, ఓనర్ వ్యక్తి అయితే: 1099-మిస్క్, బాక్స్ 1
- లాయర్ ఫీజు: లాయర్‌ది కార్పొరేషన్ అయినా సరే 1099 ఇవ్వాలి
- సరుకు కొన్నందుకు ఇచ్చింది: రాదు
- క్రెడిట్ కార్డుతో, లేదా పేపాల్‌లో బిజినెస్ పేమెంట్‌గా ఇచ్చింది: మీరు ఇవ్వక్కర్లేదు, ఆ ప్రాసెసర్లే ఇచ్చే 1099-కే (1099-K) ఫారం పద్ధతి వేరే ఉంది
- జెల్ (Zelle) బ్యాంక్ ట్రాన్స్‌ఫర్‌తో పంపింది: కచ్చితంగా మీ లెక్కలోకే వస్తుంది, జెల్ 1099-కే ఇవ్వదు

ఫెడరల్ పరిమితి ఈమధ్యే మారింది. 2025 చివరి వరకు ఇచ్చిన డబ్బుకి ఒక్కొక్కరికి 600 డాలర్లు, 2026 జనవరి 1 నుంచి ఇచ్చేదానికి 2,000 డాలర్లు. "అయితే 2,000 లోపు ఇస్తే ఏ గొడవా లేదు" అని చాలామంది ఊపిరి పీల్చుకుంటున్నారు. తొందరపడకండి, స్టేట్ పరిమితులు దానంతటవే మారవు. న్యూజెర్సీకి 1,000 డాలర్ల లెక్క తనది తనకే ఉంది. కాలిఫోర్నియా, నార్త్ కరోలినా 1,500 దగ్గరే విత్‌హోల్డింగ్ మొదలుపెడతాయి. 1,800 ఇచ్చారనుకోండి, ఐఆర్‌ఎస్‌కి ఫారం అక్కర్లేకపోయినా స్టేట్‌కి పన్నూ కాగితమూ రెండూ వెళ్ళాల్సి రావచ్చు.

2. మొదటి పేమెంట్‌కి ముందు ఏం తీసుకోవాలి

ఈ కాగితాలు చేతికి రాకుండా డబ్బు పంపకండి. ఎంత తెలిసినవాళ్ళైనా సరే. పని అయిపోయి డబ్బు ముట్టాక డబ్ల్యూ-9 (కాంట్రాక్టర్ తన పేరు, పన్ను నంబరు రాసిచ్చే ఫారం) అడిగితే "పంపిస్తానండీ" అంటారు, ఆ పంపడం మార్చి దాకా సాగుతుంది.

- సంతకంతో డబ్ల్యూ-9. పేరు, టిన్ (పన్ను నంబరు), ముఖ్యంగా మూడో లైన్‌లో టిక్ పెట్టిన బాక్స్ చూడండి. ఎల్‌ఎల్‌సీ అని రాసినంత మాత్రాన కార్పొరేషన్లకుండే 1099 మినహాయింపు రాదు, ఆ ఎల్‌ఎల్‌సీ ఎస్ లేదా సీ కార్పొరేషన్‌గా పన్ను కడుతోందా లేదా అన్నదే ముఖ్యం.
- ఇల్లు ఏ స్టేట్‌లో, పని ఏ స్టేట్‌లో. డబ్ల్యూ-9లో ఇంటి అడ్రసే ఉంటుంది, పని చేసే చోటు ఉండదు. కాంట్రాక్ట్‌లోనో ఈమెయిల్‌లోనో రాయించుకోండి.
- పని కాలిఫోర్నియాలో అయితే ఫారం 590 (అక్కడి ట్యాక్స్ కట్ చేయక్కర్లేదని చెప్పే సర్టిఫికెట్), లేదా పని కొంత అక్కడ, కొంత బయట అయితే ఫారం 587.
- పని న్యూజెర్సీలో అయితే, మనిషి ఇన్‌కార్పొరేట్ కాకపోతే, అక్కడి బిజినెస్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కాపీ.
- అమెరికా పన్ను లెక్కలో విదేశీయులైతే డబ్ల్యూ-9 కాదు, డబ్ల్యూ-8బెన్.

డబ్ల్యూ-9 వచ్చాక పేరు, నంబరు ఐఆర్‌ఎస్ టిన్ మ్యాచింగ్‌లో సరిచూసుకోండి, ఆ సర్వీస్ ఉచితం. టిన్ అసలు ఇవ్వకపోతే 24 శాతం ఫెడరల్ పన్ను (బ్యాకప్ విత్‌హోల్డింగ్) కట్ చేసి మిగతాదే ఇవ్వాలి. అలా కట్ చేసింది ఫారం 945లో చూపించాలి.

ఇక హైదరాబాద్‌లోనో విజయవాడలోనో కూర్చుని మీకు కోడింగ్ చేసిపెట్టేవాళ్ళ సంగతి. పని మొత్తం ఇండియాలోనే జరిగితే, మనిషి అమెరికా సిటిజనో గ్రీన్‌కార్డ్ హోల్డరో కాకపోతే, 1099 లేదు, విత్‌హోల్డింగ్ లేదు. డబ్ల్యూ-8బెన్ ఫైల్‌లో పెట్టుకోండి, పని ఎక్కడ చేశారో ఇన్‌వాయిస్‌లోనే రాయమనండి. అదే ఒక కళాకారుడు హైదరాబాద్ నుంచి ఇక్కడికి వచ్చి స్టేజి మీద పాడితే అది అమెరికా ఆదాయం అవుతుంది. మామూలుగా 30 శాతం కట్ చేయాలి, ఫారం 1042-ఎస్ ఇవ్వాలి. అది 1099 దారి కాదు, ప్రోగ్రామ్ ఖరారయ్యేలోపే సీపీఏతో (లైసెన్సున్న అకౌంటెంట్‌తో) మాట్లాడండి.

3. ఏ స్టేట్‌తో మీకు పని పడుతుంది

మూడు ప్రశ్నలు, ఇదే వరుసలో వేసుకోండి.

1. పని ఏ స్టేట్‌లో జరిగింది? అద్దె అయితే ఆ బిల్డింగ్ ఏ స్టేట్‌లో ఉంది?
2. డబ్బు తీసుకునే మనిషి ఆ స్టేట్‌లోనే ఉంటున్నారా, బయటి స్టేట్ వాళ్ళా?
3. మీ కంపెనీకి ఏయే స్టేట్లలో ఆఫీసు గానీ రిజిస్ట్రేషన్ గానీ ఉంది?

చాలామంది మూడో ప్రశ్న ఒక్కటే చూసుకుంటారు. "మాది టెక్సస్, మాకు స్టేట్ ఇన్‌కమ్ ట్యాక్స్ లేదు" అంటారు. పనీ మనిషీ కూడా టెక్సస్‌లోనే ఉంటే ఆ మాట నిజం, మీకు స్టేట్ 1099 ఫైలింగ్ లేదు. ఫ్లోరిడా, టెనసీ, వాషింగ్టన్, నెవాడాలో కూడా అంతే. కానీ పని మీద పన్ను వేసేది ముందుగా ఆ పని జరిగిన స్టేటే.

4. స్టేట్ ట్యాక్స్ కట్ చేయాలా వద్దా

మనవాళ్ళకు తరచుగా తగిలేవి నాలుగు.

*పెన్సిల్వేనియా.* బయటి స్టేట్‌లో ఉండే వ్యక్తికి, లేదా ఒక్కరే ఓనర్‌గా ఉన్న డిస్‌రిగార్డెడ్ ఎల్‌ఎల్‌సీకి (పన్ను లెక్కలో ఓనర్‌తో కలిపే చూసేది), పెన్సిల్వేనియాలో చేసిన పనికి ఏడాదికి 5,000 డాలర్లు లేదా అంతకంటే ఎక్కువ ఇస్తుంటే 3.07 శాతం కట్ చేయాలి. 2018 నుంచి ఇదే రూల్. అక్కడ వ్యాపారానికి అద్దెకు తీసుకున్న బిల్డింగ్ ఓనర్ బయటి స్టేట్‌లో ఉంటే ఆ అద్దెకూ ఇదే లెక్క. ఏడాదికి ఎంత అవుతుందో ముందే తెలియకపోతే మొదటి పేమెంట్ నుంచే కట్ చేయడం మంచిది.

ఒక ఉదాహరణ పూర్తిగా చూద్దాం. కంపెనీ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంది. కాంట్రాక్టర్ ఉండేది న్యూజెర్సీలో. ఆయన రోజూ వెళ్ళి పనిచేసేది ఫిలడెల్ఫియాలో క్లయింట్ ఆఫీసులో. నెలకు 9,000 డాలర్లు, ఆరు నెలల పని. ప్రతి నెలా 276.30 కట్ చేసి 8,723.70 ఇవ్వాలి. ఆరు నెలలకు 54,000 మీద 1,657.80 పెన్సిల్వేనియాకి చేరాలి.

ఇక్కడ ఒక వాదన వస్తుంది: పెన్సిల్వేనియాకి, న్యూజెర్సీకి పరస్పర ఒప్పందం ఉంది కదా, కట్ చేయడమెందుకు అని. ఆ ఒప్పందం ఉద్యోగుల జీతాలకే, 1099 డబ్బుకి వర్తించదు. కాంట్రాక్టర్‌కి నష్టమేమీ లేదు, పెన్సిల్వేనియా రిటర్న్ వేసి ఈ 1,657.80 చూపించుకుంటారు, అక్కడ తేలిన పన్నుకి న్యూజెర్సీ రిటర్న్‌లో క్రెడిట్ అడుగుతారు. ఈ సంగతి కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టే రోజే చెప్పేయండి. చెప్పకుండా మొదటి చెక్కులో తగ్గిస్తే గొడవే.

*కాలిఫోర్నియా.* బయటివాళ్ళకు కాలిఫోర్నియాలో చేసిన పనికి ఏడాదికి 1,500 దాటితే 7 శాతం. డాలస్ కాంట్రాక్టర్‌ని మూడు వారాలు శాన్ హోసే పంపి 12,000 ఇచ్చారంటే 840 కట్ చేయాలి. ఇంట్లో కూర్చుని డాలస్ నుంచే చేసిన పనికి కాదు, అక్కడికి వెళ్ళి చేసిన రోజుల డబ్బుకే. ఫారం 587 ఆ విభజన చూపించడానికే. కాలిఫోర్నియా నివాసి గానీ, అక్కడ రిజిస్టర్ అయిన కార్పొరేషన్ గానీ ఫారం 590 ఇస్తే కట్ చేయక్కర్లేదు.

కాలిఫోర్నియాలో దీనికి సంబంధం లేని ఇంకో రిపోర్ట్ కూడా ఉంది, దీన్నే ఎక్కువమంది వదిలేస్తారు. అక్కడ వ్యాపారం చేసేవాళ్ళు ఒక ఇండిపెండెంట్ కాంట్రాక్టర్‌కి 600 డాలర్లు ఇచ్చినా, ఇస్తామని కాంట్రాక్ట్ రాసుకున్నా, 20 రోజుల్లో ఈడీడీకి (అక్కడి ఉపాధి శాఖకి) డీఈ 542 ఫారం పంపాలి. ఏడాది చివర కాదు, 20 రోజుల్లో.

*నార్త్ కరోలినా.* బయటి స్టేట్ వాళ్ళకు ప్రదర్శన, ఉపన్యాసం, క్రీడలు, సినిమా, రేడియో, టీవీ పనులకు 1,500 దాటి ఇస్తే 4 శాతం. ఐటిన్ (ఎస్‌ఎస్‌ఎన్ లేనివాళ్ళకు ఐఆర్‌ఎస్ ఇచ్చే పన్ను నంబరు) మీద పనిచేసే కాంట్రాక్టర్లకు కూడా ఇదే. షార్లెట్‌లోనో క్యారీలోనో ఉగాది ప్రోగ్రామ్‌కి న్యూజెర్సీ నుంచి గాయనిని పిలిచి 3,000 ఇస్తే అందులో 120 స్టేట్‌కి కట్టాలి. తెలుగు సంఘాల ట్రెజరర్లు ఇది గుర్తుపెట్టుకోండి, కమిటీ ఏడాదికోసారి మారిపోతుంది గానీ నోటీసు మాత్రం సంఘం అడ్రస్‌కే వస్తుంది.

*న్యూజెర్సీ.* అక్కడ వ్యాపారం చేస్తూ, రిజిస్టర్ కాని, ఇన్‌కార్పొరేట్ కాని కాంట్రాక్టర్‌కి సేవల కింద డబ్బు ఇస్తే 7 శాతం. రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్ కాపీ మీ ఫైల్‌లో ఉంటే కట్ చేయక్కర్లేదు.

5. స్టేట్ అకౌంట్ తెరవడం, కట్ చేసింది కట్టడం

మీ ఉద్యోగుల పేరోల్ అకౌంట్ ఉంది కదా అని ఈ డబ్బు అందులో వేసేయకండి. పెన్సిల్వేనియాలో మైపాత్ పోర్టల్‌లో 1099 విత్‌హోల్డింగ్‌కి రిజిస్టర్ కావాలి, అక్కడ వచ్చే అకౌంట్ నంబరే తర్వాత ఫారంలో రాయాలి. ఎన్నాళ్ళకోసారి కట్టాలో మీరు కట్ చేసే మొత్తాన్ని బట్టి ఉంటుంది, రిజిస్టర్ అయ్యేటప్పుడే చూసుకుని క్యాలెండర్‌లో పెట్టుకోండి.

కట్ చేసిన పన్ను చూపించే కాలిఫోర్నియా ఫారం 592 తేదీలు ఏప్రిల్ 15, జూన్ 15, సెప్టెంబర్ 15, జనవరి 15. గమనించండి, రెండో గడువు ఏప్రిల్, మే నెలలకే. మూడు నెలల లెక్కనుకుని జులై దాకా ఆగితే ఆలస్యం అయిపోయినట్టే. కాంట్రాక్టర్‌కి మాత్రం ఫారం 592-బీ జనవరి 31లోపు ఇవ్వాలి.

కట్ చేసిన డబ్బు స్టేట్‌ది, మీ ఆపరేటింగ్ ఖర్చులకు వాడకండి. వీలైతే వేరే బ్యాంక్ అకౌంట్‌లో పక్కన పెట్టండి.

6. నవంబర్, డిసెంబర్ పని

ఇది సరిగ్గా చేస్తే జనవరిలో టెన్షన్ ఉండదు.

- పది లేదా అంతకంటే ఎక్కువ ఫారాలుంటే ఐఆర్‌ఎస్‌కి ఈ-ఫైల్ తప్పనిసరి. ఈ పదిలో డబ్ల్యూ-2లు (ఉద్యోగుల జీతాల ఫారాలు) కూడా కలుస్తాయి. మూడు 1099లు, ఏడు డబ్ల్యూ-2లు ఉన్నా పదే.
- 1099లు ఈ-ఫైల్ చేసే ఐఆర్‌ఎస్ ఐరిస్ పోర్టల్ ఉచితం. దానికి టీసీసీ (ఈ-ఫైల్ చేసేవాళ్ళకు ఐఆర్‌ఎస్ ఇచ్చే కోడ్) కావాలి, రావడానికి 45 రోజుల దాకా పట్టవచ్చు, కాబట్టి నవంబర్ మొదట్లోనే అప్లై చేయండి. పాత ఫైర్ సిస్టమ్‌ని ఐఆర్‌ఎస్ మూసేస్తోంది, కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు నేరుగా ఐరిస్‌కే వెళ్ళండి.
- బ్యాంక్ స్టేట్‌మెంట్, జెల్ హిస్టరీ, చెక్కులు పక్కపక్కన పెట్టుకుని ఒక్కొక్కరి మొత్తం వేయండి. అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ చూపించే అంకె మీదే ఆధారపడకండి, జెల్ పేమెంట్లు తప్పు కేటగిరీలో పడి కనపడకుండా పోవడం మామూలే.
- ఒక్కొక్కరి పేరు ఎదురుగా పని జరిగిన స్టేట్, కట్ చేసిన మొత్తం, డిపాజిట్ చేసిన తేదీలు రాయండి.
- డబ్బు చేతికిచ్చిన తేదీయే లెక్క. డిసెంబర్ ఇన్‌వాయిస్‌కి జనవరి 4న డబ్బిస్తే అది కొత్త ఏడాదిది.

7. ఫారం నింపడం

1099-ఎన్‌ఈసీలో స్టేట్ బాక్సులు మూడు: 5లో కట్ చేసిన స్టేట్ ట్యాక్స్, 6లో స్టేట్ పేరు, మీ స్టేట్ అకౌంట్ నంబరు, 7లో ఆ స్టేట్ ఆదాయం. 1099-మిస్క్‌లో ఇవే 16, 17, 18. పైన చెప్పిన ఫిలడెల్ఫియా కాంట్రాక్టర్‌కి ఇలా వస్తుంది:

- బాక్స్ 1: 54,000.00
- బాక్స్ 5: 1,657.80
- బాక్స్ 6: పీఏ, దాని పక్కన మైపాత్ ఇచ్చిన అకౌంట్ నంబరు
- బాక్స్ 7: 54,000.00

బాక్స్ 1లో కట్ చేయకముందు మొత్తం రాయాలి, చేతికిచ్చిన 52,342.20 కాదు. ఈ తప్పు చాలా చోట్ల కనిపిస్తుంది, సరిదిద్దాలంటే ఐఆర్‌ఎస్‌కీ స్టేట్‌కీ రెండు చోట్లా మళ్ళీ వెళ్ళాలి.

ఒకే మనిషి రెండు స్టేట్లలో పనిచేస్తే స్టేట్ బాక్సుల్లో రెండు వరుసలున్నాయి, విడివిడిగా రాయండి.

8. ఫైల్ చేసే వరుస

ముందు కాంట్రాక్టర్‌కి కాపీ పంపండి, పేరు, నంబరు తప్పుంటే చెప్పడానికి మూడు నాలుగు రోజులు టైమివ్వండి. ఆ తర్వాత ఐఆర్‌ఎస్‌కి, ఆ తర్వాత స్టేట్‌కి. 1099-ఎన్‌ఈసీ కాంట్రాక్టర్‌కీ ఐఆర్‌ఎస్‌కీ కూడా జనవరి 31కే. 2027లో ఆ రోజు ఆదివారం కాబట్టి ఫిబ్రవరి 1 దాకా టైముంది. 1099-మిస్క్ మామూలుగా మనిషికి జనవరి 31, ఐఆర్‌ఎస్‌కి పేపర్ అయితే ఫిబ్రవరి 28, ఈ-ఫైల్ అయితే మార్చి 31.

ఇప్పుడు కంబైన్డ్ ఫెడరల్ స్టేట్ ఫైలింగ్ సంగతి. ఐఆర్‌ఎస్‌కి ఫైల్ చేసేటప్పుడు ఇది ఎంచుకుంటే మీ 1099 కాపీని ఐఆర్‌ఎస్సే ఆ స్టేట్‌కి పంపుతుంది. మంచి సౌకర్యమే. కాలిఫోర్నియాకి ఇలా వెళ్తే అక్కడి ఫ్రాంఛైజ్ ట్యాక్స్ బోర్డుకి ఆ 1099 మళ్ళీ పంపక్కర్లేదు. కానీ ఇది చేయనివి కూడా ఉన్నాయి:

- అన్ని స్టేట్లూ ఇందులో లేవు. ఉదాహరణకు ఒరెగన్‌కి వాళ్ళ ఐవైర్ సిస్టమ్‌లో నేరుగా పంపాలి.
- పెన్సిల్వేనియా 1099-ఎన్‌ఈసీ, మిస్క్ కాపీలను మైపాత్‌లో నేరుగా జనవరి 31లోపే అడుగుతుంది.
- ట్యాక్స్ కట్ చేసిన స్టేట్‌కి వార్షిక రీకన్సిలియేషన్ (ఏడాదంతా కట్ చేసిందీ కట్టిందీ సరిచూపే ఫారం) దీనిలో వెళ్ళదు. నార్త్ కరోలినాకి ఎన్‌సీ-3 జనవరి 31కి మీరే ఈ-ఫైల్ చేయాలి, న్యూజెర్సీకి కూడా విడిగా పంపాలి.
- కాలిఫోర్నియా 592, డీఈ 542 దీనికి సంబంధం లేనివి.

సాఫ్ట్‌వేర్‌లో "స్టేట్ ఫైలింగ్ పూర్తయింది" అని వస్తే అది వీటిలో దేని గురించి చెప్తోందో చూడండి. ఎక్కువ సార్లు కంబైన్డ్ ప్రోగ్రామ్ కాపీ గురించే చెప్తుంది.

9. తరచూ జరిగే తప్పులు, సరిదిద్దే దారి

*కట్ చేయడం మర్చిపోయారు.* ఆ కాంట్రాక్టర్‌కి ఇంకా పేమెంట్లు మిగిలుంటే ఇప్పటి నుంచే మొదలుపెట్టండి. పాత మొత్తాన్ని మిగిలిన చెక్కుల్లోంచి తీసుకోవాలంటే రాతపూర్వకంగా ఒప్పుకున్నాకే చేయండి. పేమెంట్లన్నీ అయిపోతే స్టేట్ అడిగేలోపే మీ సీపీఏతో స్టేట్‌ని సంప్రదించండి. కాంట్రాక్టర్ తన స్టేట్ రిటర్న్‌లో ఆ ఆదాయం చూపి పన్ను కట్టినట్టు రుజువుంటే దగ్గర పెట్టుకోండి.

*టిన్ కలవలేదని ఐఆర్‌ఎస్ నుంచి సీపీ2100ఏ నోటీసు వచ్చింది.* పక్కన పడేయకండి. కాంట్రాక్టర్‌కి బీ-నోటీసు (పేరు, టిన్ సరిచేయమని అడిగే లేఖ), కొత్త డబ్ల్యూ-9 పంపండి. సమాధానం రాకపోతే 24 శాతం మొదలుపెట్టాలి.

*ఫారం తప్పు వెళ్ళింది.* ఐఆర్‌ఎస్‌కి కరెక్షన్ పంపాక, అసలు ఫారం నేరుగా స్టేట్‌కి పంపి ఉంటే స్టేట్‌కీ నేరుగా కరెక్షన్ పంపండి. రెండు చోట్ల రెండు అంకెలుంటే నోటీసు కాంట్రాక్టర్‌కే ముందు వస్తుంది.

*ఆలస్యమైంది.* అయినా పంపండి, ఎంత త్వరగా అయితే అంత. 2026లో ఇవ్వాల్సిన ఫారాలకు ఐఆర్‌ఎస్ పెనాల్టీ ఒక్కోదానికి 30 రోజుల్లోపు అయితే 60, ఆగస్టు 1లోపు అయితే 130, ఆ తర్వాత 340 డాలర్లు. స్టేట్ పెనాల్టీలు వేరే. గడువు పెంచమని అడిగే ఫారం 8809తో ఐఆర్‌ఎస్ టైమిచ్చినా స్టేట్ ఇచ్చిందనుకోకండి, అక్కడ విడిగా అడగాలి.

*హెచ్-1బీ మీద ఉన్న స్నేహితుడితో వారాంతం పని చేయించి 1099 ఇచ్చారు.* ఇది పన్ను తప్పు కంటే పెద్దది. హెచ్-1బీ వాళ్ళు పిటిషన్ వేసిన ఎంప్లాయర్ దగ్గరే పనిచేయాలి, పక్క కాంట్రాక్ట్ పని స్టేటస్‌కి ముప్పు తెస్తుంది. 1099 ఇవ్వకుండా దాచడం పరిష్కారం కాదు, అసలు ఆ పని ఇవ్వకండి. ఇప్పటికే ఇచ్చేసి ఉంటే ఆయన్ని ముందు ఇమిగ్రేషన్ లాయర్ దగ్గరకు పంపండి.

*ఉద్యోగిలా పనిచేయించుకుంటూ 1099 ఇస్తున్నారు.* మీ టైమింగ్స్, మీ లాప్‌టాప్, మీ మేనేజర్ కింద పని అయితే అది డబ్ల్యూ-2 కావచ్చు. మనిషి కాంట్రాక్టరా ఉద్యోగా అని తేల్చే కాలిఫోర్నియా ఏబీసీ టెస్ట్‌లో కాంట్రాక్టర్ అని నిరూపించాల్సిన బాధ్యత మీదే. ఆ స్టేట్‌లో డీఈ 542 పంపేముందు ఇది తేల్చుకోండి.

10. ఫైల్‌లో ఏం దాచాలి

ఒక్కొక్క కాంట్రాక్టర్‌కి ఒక ఫోల్డర్ చాలు: డబ్ల్యూ-9, పని చోటు రాసిన కాంట్రాక్ట్, టిన్ మ్యాచింగ్ ఫలితం, పేమెంట్ల లిస్ట్, స్టేట్ డిపాజిట్ రసీదులు, పంపిన 1099 కాపీ, స్టేట్ కన్ఫర్మేషన్ నంబరు. 1099 కాపీలు కనీసం మూడేళ్ళు, బ్యాకప్ విత్‌హోల్డింగ్ ఉంటే నాలుగేళ్ళు ఉంచాలి. కాలిఫోర్నియా ఫారం 590 మాత్రం కనీసం ఐదేళ్ళు. అన్నిటినీ ఐదేళ్ళకే పెట్టేసుకుంటే దేన్ని ఎప్పుడు తీసేయాలో మళ్ళీ వెతుక్కునే పని ఉండదు.